సముద్రంలో బోటు తిరగబడితే ఒడ్డుకు ఈదాలా, బోటునే పట్టుకోవాలా?

బోటు తేలుతున్నంతసేపు దాన్ని వదలకండి, ఒడ్డు కనబడుతున్నా సరే. నీళ్లలోంచి చూస్తే ఒడ్డు దూరం అంచనాకు అందదు. ఈదేకొద్దీ ఒంట్లో వేడి, సత్తువ రెండూ పోతాయి. వెతికేవాళ్లకు కెరటాల మధ్య తల కనబడడం చాలా కష్టం, బోల్తాపడిన బోటు అడుగు మాత్రం దూరం నుంచే కనబడుతుంది.

ఉదాహరణకు అంతర్వేది దగ్గర గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే మొగలో, పాటు వేళ (సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు) నీరు సముద్రంలోకే లాగుతుంది. దానికి ఎదురీదితే ఉన్నచోటే అలిసిపోతారు.

బోటు చేజారిపోతే, లైఫ్ జాకెట్ ఉంటే మోకాళ్లు ఛాతీకి ముడుచుకుని కదలకుండా తేలండి. నలుగురుంటే చేతులు పెనవేసుకుని ఒకచోటే ఉండండి. ఫోన్ తడవకుండా ఉంటే కోస్ట్ గార్డ్ నంబరు 1554.

గోదాట్లో ఈదినవాళ్లకి లైఫ్ జాకెట్ అక్కర్లేదనుకోవడం పెద్ద పొరపాటు. తలకు దెబ్బ తగిలి స్పృహ పోతే ఈత పనికిరాదు. జాకెట్‌కి కాళ్ల మధ్య పట్టీ ఉంటే అదీ బిగించాలి. వదిలేస్తే దూకగానే జాకెట్ చెవులదాకా లేచిపోయి గడ్డం నీళ్లలో మునుగుతుంది.