అర్మేనియన్‌లో ఎవరినైనా 'జాన్' అనొచ్చా?

స్నేహితులు, బంధువులు, కాస్త పరిచయమున్న దుకాణదారు, చాలామందిని నిశ్చింతగా 'జాన్' అనొచ్చు. పర్షియన్‌లో 'ప్రాణం' అనే మాటే ఇది. కానీ అర్మేనియా రాజధాని యెరెవాన్ వాడుకలో ఆ బరువు తగ్గిపోయి, పేరు తర్వాత చేర్చే ఆప్యాయతగా మారింది. ఉదాహరణకు, అనీ అనే అమ్మాయిని ఇంట్లోవాళ్లే కాదు, ఆఫీసులో తోటివాళ్లూ 'అనీ జాన్' అంటారు. తమ్ముడినో, టాక్సీ డ్రైవర్‌నో 'అఖ్పెర్ జాన్' అంటే 'సోదరా' అన్నట్టు.

హిందీ పాటలు విన్న మనవాళ్లు దీన్ని ప్రేమికుల మాట అనుకుంటారు. అది పొరపాటు. నిజంగా జాగ్రత్తపడాల్సింది 'ఆరా' విషయంలో. అది మన 'ఒరేయ్' లాంటిది. దగ్గరి మగ స్నేహితుల మధ్య చెల్లుతుంది, పెద్దల దగ్గర, కొత్తవాళ్ల దగ్గర మొరటుగా వినిపిస్తుంది.