ఒకే కషాయం ఇంటిల్లిపాదికీనా?

ప్రశ్న: చలి ముదిరితే మా ఇంట్లో అందరికీ రొమ్ములో కఫం పట్టేస్తుంది. పెరటిలోని అడ్డసరం ఆకు, మిరియాలు, శొంఠి, అతిమధురం వేసి మా అత్తగారి నాటి నుంచీ కషాయం కాచుకుంటున్నాము. ఈ ఏడు పురిటికి వచ్చిన మా అమ్మాయి, కిడ్నీ జబ్బుకు మందులు వాడుతున్న మావారు, ఎనిమిది నెలల మనవడు కూడా ఉన్నారు. మనవడికి దానిని తేనెలో రంగరించి నాకించవచ్చునా?
- ఒక పాఠకురాలు, సోంపేట, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్కయినా నాకించరాదు. అందులో ఉండగల ఒక సూక్ష్మజీవి బీజాలు పసివారి పేగుల్లో మొలకెత్తి, కండరాలను చచ్చుబడజేసే విషాన్ని పుట్టిస్తాయి. కర్పూరం కలిపిన కొబ్బరినూనె రాయడం కూడా మానండి. రెండేళ్లలోపు పిల్లలకు కర్పూరం ఫిట్స్ తెప్పించగలదు. చనుబాలు తరచుగా పట్టించి, ముక్కులో ఉప్పునీటి చుక్కలు వేస్తే చాలును. బిడ్డ డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

అడ్డసరం విషయంలో మీ అత్తగారి నమ్మకం వట్టిది కాదు. ఆ ఆకులోని వాసిసిన్ అనే పదార్థం ఆధారంగానే బ్రోమ్‌హెక్సిన్ అనే మందు తయారైంది. దానినుంచి వచ్చిన ఆంబ్రాక్సాల్ నేటి దగ్గు సిరప్పులలో చాలావాటిలో కనిపిస్తుంది. అయితే కఫాన్ని పలుచన చేసే ఆ వాసిసినే గర్భసంచిని ముడుచుకునేలా చేయగలదు కనుక, మీ అమ్మాయికి ఆ ఆకు కషాయంగా గాని, పసరుగా గాని ఇవ్వకండి. ఆమెకు పలుచని మిరియాల చారు, ఉప్పునీటి పుక్కిలింత, మామూలు వేడినీటి ఆవిరి సరిపోతాయి. ఆవిరి పట్టేటప్పుడు గిన్నెను పొయ్యి మీదనుంచి దించి కదలని చోట పెట్టండి.

మీవారికి అతిమధురం పనికిరాదు. అది ఒంట్లో ఉప్పును, నీటిని నిలిపి రక్తపోటును పెంచుతుంది, పొటాషియంను తగ్గిస్తుంది. మీ సోంపేట ఉన్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు గడపగడపకూ తెలిసినదే అయినా, 'ఆకుమందే కదా' అని డాక్టరుకు చెప్పకుండా తాగేవారు ఇంకా ఉన్నారు. డాక్టరు నీటికి కొలత పెట్టి ఉంటే, కషాయం కూడా ఆ కొలతలోనే చేరుతుందని మరవకండి.

మీకు రక్తపోటు గాని, వేరే జబ్బు గాని లేకపోతే మీరు నాలుగైదు రోజులు తాగవచ్చును. దగ్గు రెండు వారాలు దాటితే మాత్రం గిన్నె పక్కన పెట్టి, ప్రభుత్వ ఆసుపత్రిలో క్షయ ఉందేమో తెలుసుకోవడానికి ఉచితంగా చేసే కళ్లె పరీక్ష చేయించుకోండి.