వెనిస్‌లో హోటలు చిరునామా దొరకకపోతే

మీకు హోటలువారు పంపిన చిరునామా 'శాన్ పోలో, నాలుగంకెల నంబరు' అని మాత్రమే ఉందనుకుందాం. అందులో వీధి పేరే లేదు. శాన్ పోలో ఒక పేట. వెనిస్‌లో ఇలాంటివి 6 ఉన్నాయి. ఇంటి నంబర్లు వీధివారీగా కాక పేటంతా ఒకే వరుసలో సాగుతాయి. అందుకే సందు మలుపు తిరగగానే గుమ్మం మీది అంకె ఒక్కసారిగా మారిపోతుంది.

1. సందు పేరు, దగ్గరి కాంపో (చిన్న కూడలి) పేరు హోటలువారిని అడగండి.

2. చాలామంది మరిచేది ఇదే: వాపొరెత్తో (సిటీ బస్సులా తిరిగే పడవ) ఎక్కి ఏ రేవులో దిగాలి, అది నగరం మధ్యగా సాగే పెద్ద కాలువ గ్రాండ్ కెనాల్‌కు ఏ ఒడ్డున ఉంది? 'రియాల్టో' రేవు అవతలి ఒడ్డున, శాన్ మార్కో పేట వైపు, 'రియాల్టో మెర్కాతో' రేవు మీ శాన్ పోలో వైపు. కాలువ మీద వంతెనలు నాలుగే. పొరపాటున అవతలి ఒడ్డున దిగితే పెట్టెలు మోసుకుంటూ రియాల్టో వంతెన మెట్లన్నీ ఎక్కి దిగాలి. జనం రద్దీలో అది నిజంగా నరకం. శాన్ తోమా, శాన్ సిల్వెస్త్రో రేవులు కూడా మీ వైపే.

3. రైలు మెస్త్రేలో దిగకండి, అది వెనిస్ దీవుల్లో కాదు, ప్రధాన భూభాగం మీద ఉంది. చివరి స్టేషన్ సాంతా లూచియా. బయటే 1వ నంబరు పడవ దొరుకుతుంది. ఎక్కేముందు టికెట్‌ను రేవులోని యంత్రానికి తాకించండి.