మే సెలవుల్లో కశ్మీర్ వెళ్తే ట్రౌట్ దొరుకుతుందా?

హన్మకొండ నుంచి మే సెలవుల్లో వెళ్లి, విషన్‌సర్, గంగాబల్ సరస్సుల దాకా నడిచి ట్రౌట్ (చల్లటి నీళ్లలో ఉండే చేప) పట్టొచ్చా అని అడిగారు. మేలో వద్దు. మనకు రోళ్లు పగిలే ఎండలున్నా అక్కడి కనుమల్లో ఇంకా మంచే. జూలై రెండో వారం తర్వాత పెట్టుకోండి. మత్స్యశాఖ పర్మిట్ శ్రీనగర్‌లోనే తీసుకుని, ఏ ఎరకు అనుమతుందో అప్పుడే అడగండి. దారిలో ఆర్మీ చెక్‌పోస్టులుంటాయి, ఆధార్ మర్చిపోవద్దు. సోనమర్గ్‌లో ఒక రాత్రి ఆగాకే నడక. విషన్‌సర్ దాదాపు 3,700 మీటర్ల ఎత్తు, ఆయాసం గ్యారంటీ.

ఇక గాలం సంగతి. మన చెరువుగట్టు మీద లాగా పిండి ఉండ గుచ్చి కూర్చుంటే లాభం లేదు. ట్రౌట్ వేటాడే చేప. పొద్దున్నే, వాగు సరస్సులో కలిసే చోట, మీ నీడ నీళ్లమీద పడకుండా వెనక్కి నిలబడి చిన్న స్పిన్నర్ (నీళ్లలో గిర్రున తిరిగే లోహపు ఎర) విసరండి, మెల్లగా రీలు చుట్టండి. పెద్ద రాడ్డు మోయకండి, విడదీసి బ్యాగులో పెట్టుకునేది చాలు.