డీప్‌లో చేప రాయిలా ఉందా? అయితే గ్యాస్ మాట తర్వాత

పాలకొల్లు నుంచి అడిగినవారికి. ఆరేళ్ళ డబుల్ డోర్ ఫ్రిజ్, పైన డీప్‌లో (ఫ్రీజర్‌లో) ఐస్ బాగానే కడుతోంది, కింద పెట్టిన పాలు కాచబోతే విరిగిపోతున్నాయి, కూరగాయల బాక్సు కింద నీళ్ళు చేరుతున్నాయి, మెకానిక్ గ్యాస్ పోయిందంటున్నాడు, ఎక్కించమంటారా అని కదండీ మీ ప్రశ్న. ఎక్కించకండి. కనీసం రెండు రోజులు ఆగండి. ఈ తప్పు నేను డబ్బు పెట్టి మరీ చేశాను కాబట్టి చెబుతున్నాను.

మాది రాజోలు వైపు పల్లె. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చిన రోజులు. మామయ్యగారు యానాం వెళ్ళి పులస తెచ్చారు. సగం ఆ పూట వండి, మిగతా ముక్కలు ఉప్పూ పసుపూ రాసి డీప్‌లో దాచాం, ఆడపడుచు హైదరాబాదు నుంచి వస్తుందని. ఆ వారంలోనే ఫ్రిజ్ మొండికేసింది. తేడా ముందు కనిపెట్టింది ఇడ్లీపిండి. రాత్రి సగం గిన్నె పిండి కింది అరలో పెడితే పొద్దున్నకి మూత లేపుకుని బయటికొచ్చేసింది. "ఇది ఫ్రిజ్జా అమ్మాయ్, పొయ్యిగట్టా?" అన్నారు అత్తగారు.

నేను చేసిన మొదటి తెలివైన పని, డీప్‌లో ఉన్న నాబ్‌ని ఫుల్లుకి తిప్పడం. కింద ఇంకా వెచ్చబడింది. రెండో పని మెకానిక్‌ని పిలవడం. ఆయన కంప్రెసర్ మీద చెయ్యి పెట్టి చూసి "గ్యాస్ అయిపోయిందమ్మా" అన్నాడు. పులస ముక్కలు పక్కింటి పిన్నిగారి డీప్‌లో తలదాచుకున్నాయి, ఫ్రిజ్ ట్రాలీ ఆటోలో షాపుకెళ్ళింది. మూడో రోజున తిరిగొచ్చి అద్భుతంగా పనిచేసింది. అందరికీ ధైర్యం వచ్చింది. తొమ్మిదో రోజున మళ్ళీ పిండి పొంగింది.

మా పెద్దమ్మ కొడుకు కాకినాడలో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఈసారి వాడికి ఫోన్ చేస్తే వాడు అడిగిన మొదటి మాట: "అక్కా, డీప్‌లో చేప ఎలా ఉంది?" రాయిలా ఉందిరా అన్నాను. "అయితే గ్యాస్‌కేం కాలేదు. గాలి ఆగింది."

సంగతి ఏమిటంటే, చాలా డబుల్ డోర్ ఫ్రిజ్‌లలో చలి పుట్టేది ఒక్కచోటే. డీప్ వెనక గోడ ఉంటుంది చూడండి, ఆ ప్లాస్టిక్ పలక వెనకాల కాయిల్, అంటే చల్లబడే గొట్టాల చుట్ట ఉంటుంది. దాని దగ్గరే ఒక చిన్న ఫ్యాను. ఆ ఫ్యాను చల్లగాలిని డీప్‌లోకి కొడుతుంది, అందులో కొంత సన్నటి దారిగుండా కిందికి పంపుతుంది. కింది గదికి వేరే కాయిలంటూ ఉండదు, పైనుంచి వచ్చేదే దిక్కు. మన కాలువల లెక్కే అనుకోండి. ధవళేశ్వరం దగ్గర నిండుగా నీళ్ళున్నా, పంటకాలువలో గుర్రపుడెక్క అడ్డం పడితే శివారు చేను ఎండుతుంది. ఇక్కడ గుర్రపుడెక్క పని మంచు చేస్తుంది.

తలుపు తీసినప్పుడల్లా మన ఉక్కపోత గాలి లోపలికి పోతుంది, అందులోని తేమ కాయిల్ మీద మంచుగా కడుతుంది. దాన్ని కరిగించడానికి కాయిల్ కిందే ఒక హీటరు ఉంటుంది. పాత మోడళ్ళలో టైమరు కొన్ని గంటలకోసారి కంప్రెసర్‌ని ఆపి హీటర్ని వెలిగిస్తుంది, కొత్తవాటిలో ఎలక్ట్రానిక్ బోర్డు చూసుకుంటుంది. కరిగిన నీళ్ళు సన్నటి గొట్టంలోంచి వెనక కంప్రెసర్ మీదుండే పళ్ళెంలోకి దిగి ఆ వేడికి ఆవిరైపోతాయి. హీటరో, చలి వేడిని బట్టి దానికి కరెంటు కలిపి తీసే చిన్న స్విచ్ బైమెటలో పోయిందంటే మంచు కరగదు. పేరుకుని పేరుకుని కాయిల్ని, గాలి దారిని మూసేస్తుంది. పైన మాత్రం గోడే మంచుగడ్డ కాబట్టి చేప రాయిలాగే ఉంటుంది. అదీ కొన్నాళ్ళే, చివరికి డీప్ కూడా మెత్తబడుతుంది.

మరి గ్యాస్ ఎక్కించాక తొమ్మిది రోజులు ఎలా పనిచేసింది? నాకూ ఇదే అర్థంకాలేదు. షాపులో రెండు రోజులు కరెంటు లేకుండా, తలుపులు తెరిచి పడేసి ఉంచారు. మంచంతా దానంతటదే కరిగిపోయింది. దారి తెరుచుకుంది. పేరు మాత్రం గ్యాస్‌కి వచ్చింది.

అన్నట్టు గ్యాస్ అనేది వండుకుంటే అయిపోయే సిలిండర్ కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. అప్పుడు డీప్ కూడా దెబ్బతింటుంది, ఐస్‌క్రీం కూడా గట్టిపడదు, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. లీకెక్కడో చూపించకుండా గ్యాస్ ఎక్కిస్తానంటే ఒప్పుకోవద్దు. కొత్త ఫ్రిజ్‌లలో ఉండే గ్యాస్ మొత్తం కొన్ని పదుల గ్రాములే, ఎంతో వెనక స్టిక్కరు మీద రాసి ఉంటుంది. కాటాలో తూచి ఎక్కించాల్సిన సరుకది, అందాజాగా కొట్టేది కాదు.

ఇప్పుడు మీరు చూడాల్సినవి. డీప్ తలుపు తీసి వెనక గోడ చూడండి. గోడంతా తెల్లగా మంచు పరుచుకుని ఉంటే కరిగించే ఏర్పాటు పోయి ఉండొచ్చు, ఫ్రాస్ట్ ఫ్రీ (మంచు దానంతటదే కరిగే) ఫ్రిజ్‌లో అక్కడ మంచు కనపడకూడదు. ఒక్క మూలే కట్టి ఉంటే డోర్ రబ్బర్ని అనుమానించండి. తలుపు తీస్తే ఫ్యాను ఆగిపోయే మోడళ్ళు చాలా ఉన్నాయి, కాబట్టి తలుపు దగ్గర స్విచ్ ఉంటే దాన్ని వేలితో నొక్కి పట్టుకుని వినండి. కంప్రెసర్ తిరుగుతుండగా ఫ్యాను చప్పుడే లేకపోతే ఫ్యాను పోయుండాలి. చరచరమని గీరుకుంటుంటే రెక్కలకి మంచు తగులుతోంది. కింది గదిలో గాలి వచ్చే సందు ముందు పలుచటి కాగితం ముక్క పట్టుకోండి, ఊగకపోతే దారి మూసుకుందన్నమాట.

డీప్ నాబ్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. చాలా డబుల్ డోర్లలో ఆ నాబ్ చలి పెంచదు, పైకెంత గాలి, కిందికెంత గాలి అని పంపకం చేస్తుంది. ఫుల్లుకి తిప్పితే ఎగువ రైతు తూము కట్టేసుకున్నట్టే. నేను చేసిన ఘనకార్యం అదే. మధ్యలో పెట్టండి.

ఆ తర్వాత ఒక రోజు ఫ్రిజ్‌కి సెలవివ్వండి. ప్లగ్ పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. రెండు తలుపులూ బార్లా తెరిచి ముందు టేబుల్ ఫ్యాను పెట్టండి. మేం పొద్దున్న తొమ్మిదింటికి మొదలుపెట్టాం. గంటన్నర ఏమీ జరగలేదు. తర్వాత పలక వెనక సన్నగా టప్ టప్ మొదలైంది. పదకొండున్నరకి లోపల ధబ్బుమని ఏదో జారి పడింది, మా పిల్లాడు ఉలిక్కిపడ్డాడు. అరచేతంత మందం గడ్డ విరిగి పడుంటుంది. అక్కణ్ణుంచి నీళ్ళే నీళ్ళు, నాలుగు పాత తువ్వాళ్ళు తిప్పితిప్పి పిండాను. సాయంత్రానికి చప్పుడు ఆగినా కాయిల్ మధ్యలో గడ్డ మిగిలే ఉంటుందని తమ్ముడు అన్నాడు, అందుకని మర్నాటి పొద్దున్న వరకూ వదిలేశాం. తొందరపడి కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో పొడవకండి. కాయిల్‌కి చిల్లు పడితే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది. పైగా ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండేది ఐసోబ్యూటేన్, వంటగ్యాస్ చుట్టమే, మండుతుంది.

మళ్ళీ వేశాక ఒక రోజు టైమివ్వండి. గ్లాసుడు నీళ్ళు కింది గదిలో మధ్య అరలో రాత్రంతా ఉంచి థర్మామీటరు ముంచితే 3 నుంచి 5 డిగ్రీల మధ్య చూపించాలి. జ్వరం థర్మామీటరు పనికిరాదండోయ్, అది 35 దగ్గర మొదలవుతుంది. డీప్‌లో మైనస్ 18 ఉండాలి.

అసలు పరీక్ష దీని తర్వాతే. కొన్ని నెలలు హాయిగా నడిస్తే ఎవరో తలుపు సరిగ్గా వెయ్యక మంచు కట్టిందంతే, ఖర్చు సున్నా. వారం పది రోజుల్లో మళ్ళీ అదే వరసైతే హీటరు, బైమెటల్, టైమరు లేదా సెన్సారు, వీటిలో ఒకటి పోయినట్టు. మెకానిక్‌కి ఆ మాటే చెప్పండి: "కరిగించాక పది రోజులు బాగుంది, డీఫ్రాస్ట్ లైను మీటరు పెట్టి చూడండి." డీఫ్రాస్ట్ లైను అంటే ఆ మంచు కరిగించే హీటరు, బైమెటల్ వరసే. ఈ ఒక్క వాక్యంతో ఆయన మీతో మాట్లాడే తీరు మారిపోతుంది. మా ఫ్రిజ్‌లో బైమెటల్ పోయింది, చొక్కా బొత్తాం కంటే కాస్త పెద్దది. గ్యాస్‌కి పోసినదాంట్లో నాలుగో వంతు కూడా కాలేదు. పలక విప్పే పని మాత్రం మీరు పెట్టుకోకండి, అక్కడ వైర్లుంటాయి.

మీ కూరగాయల బాక్సు కింద నీళ్ళు కూడా చాలావరకు ఈ జబ్బులో భాగమే. కరిగిన నీళ్ళు కిందికి దిగే గొట్టం నోటి దగ్గర మంచు కట్టి ఆ నీళ్ళు దారి తప్పుతాయి. మెకానిక్ పలక విప్పినప్పుడే సిరంజితో గోరువెచ్చటి నీళ్ళు ఆ కన్నంలోకి కొట్టించండి, వెనక పళ్ళెంలోకి దిగాయో లేదో దగ్గరుండి చూడండి. మాకైతే గొట్టం కింది కొస దుమ్ము, నాచుతో జిగురు పట్టి ఉంది.

డోర్ రబ్బరుకి కాగితం పరీక్ష: తలుపు మధ్య కాగితం పెట్టి మూసి లాగండి, సులువుగా జారొస్తే అక్కడ పట్టు లేదు. చాలాసార్లు సబ్బునీళ్ళతో తుడిస్తే సరిపోతుంది, మాది చేపల నూనె మరకలతో బిగుసుకుపోయింది.

ఓల్టేజి గురించి మీరు అడగలేదు గానీ, కొన్ని నిమిషాలకోసారి టిక్ మని, గుంయ్ మని, మళ్ళీ టిక్ మని ఆగిపోతుంటే అది వేరే జబ్బు, కంప్రెసర్ లేవలేకపోతోంది. దాన్ని స్టార్ట్ చేసే రిలే గానీ లో ఓల్టేజి గానీ కారణం కావచ్చు. వెంటనే ఆపేసి చూపించండి. కరెంటు పోయి రాగానే వెయ్యకుండా ఐదు నిమిషాలు ఆగడం అలవాటు చేసుకోండి. ఫ్రిజ్ పక్క గోడలు వేడిగా ఉంటే టెన్షన్ పడకండి, ఆ వేడి బయటికి పోయే దారే అది.

పులస సంగతి అడుగుతారేమో. డీప్ ఖాళీ చెయ్యాలి, పక్కింటి పిన్నిగారిని రెండోసారి అడగడానికి మొహం చెల్లలేదు. అందుకని ఆ మధ్యాహ్నమే మట్టిదాకలో బెండకాయలు వేసి పులుసు పెట్టేశాం. ఆడపడుచు మర్నాడు దిగింది. నిన్నటి పులుసే, ఎవరో తనకోసం కావాలని దాచినట్టు తిన్నది.

మీ డీప్ వెనక గోడ మీద మంచు అంతా సమంగా ఉందా, ఒక మూలే ఉందా చూసి చెప్పండి. ఫ్యాను చప్పుడు కూడా వినండి. ఆ రెండూ తెలిస్తే తమ్ముణ్ణి అడిగి మిగతాది రాస్తాను.