అమ్మకు కీమో జరుగుతుంటే ఇంటి చదువు ఆగిపోతుందా?

ఇంట్లోనే పిల్లలిద్దరికీ చదువు చెబుతున్న అమ్మకు క్యాన్సర్‌కిచ్చే మందు కీమో మొదలైంది, ఈ ఏడాది పోయినట్టేనా అని ఒకరు అడిగారు. పోదు. కాకపోతే టైంటేబుల్ వారాన్ని బట్టి కాకుండా మందును బట్టి వేసుకోవాలి.

చాలా రకాల కీమో 21 రోజులకోసారి ఇస్తారు. మొదటి కొద్ది రోజులు నీరసం, వికారం ఎక్కువ. అప్పుడు పిల్లలే మంచం పక్కన కూర్చుని అమ్మకు పాఠం చదివి వినిపించాలి. రెండో వారంలో తెల్ల రక్తకణాలు తగ్గి, ఇన్‌ఫెక్షన్లు తేలిగ్గా సోకుతాయి. జలుబు, దగ్గు ఉన్నవాళ్లను, బయటి పిల్లల్ని ఇంట్లోకి రానివ్వకండి, ప్రభుత్వ దీక్షా యాప్‌లోని పాఠాలతో సరిపెట్టుకోండి. మూడో వారానికి చాలామంది కాస్త తేరుకుంటారు. భిన్నాలు, వ్యాకరణం లాంటి కొత్త విషయాలు అప్పటికి దాచండి.

సర్టిఫికెట్ గురించి బెంగ వద్దు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు బడికి దూరమైనా, వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. బడికి వెళ్లకుండానే పరీక్ష రాయించే జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి. చేరాక 5 ఏళ్ల గడువు ఉంటుంది, సబ్జెక్టులు విడివిడిగా రాసుకోవచ్చు.

నాకు అసలు భయం పెద్దమ్మాయి గురించే. వంట, తమ్ముడి హోంవర్క్, మందుల లెక్క అన్నీ ఆ పిల్ల నెత్తినే పడతాయి. అమ్మమ్మనో పిన్నినో ముందే పిలిపించండి. జబ్బు పేరు కూడా పిల్లలకు మీరే చెప్పండి, పక్కింటివాళ్ల నోట వినేలోపే.