మెరిసే పాత రేసు కారు గురించి రాస్తున్న అమ్మాయికి

ప్రియమైన అమ్మాయికి, ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఫ్లోరిడాలో ఒకాలా దగ్గర రేసు డ్రైవర్ డాన్ గార్లిట్స్ పెట్టిన డ్రాగ్ రేసింగ్ (కొద్ది దూరం తిన్నగా దూసుకెళ్లే కార్ల పోటీ) మ్యూజియానికి వెళ్లి, నల్లగా నిగనిగలాడే అతని కారు ‘స్వాంప్ రాట్ 14’ ముందు చాలాసేపు నిలబడిపోయావని అర్థమైంది. న్యూజెర్సీ ఎడిసన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, ఫ్లోరిడా దాకా వెళ్లి డిస్నీ వదిలేసి ఇనుప గొట్టాల బండి చూసొచ్చిన తెలుగమ్మాయివి నువ్వొక్కదానివేనేమో. అందుకే నీ మీద ఆశ. ఆ ఆశతోనే కాస్త కటువుగా రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

మొదటి పేజీ నిండా ‘అద్భుతం’, ‘కళ్లు చెదిరే’, ‘మాటల్లో చెప్పలేని’ అనే మాటలే ఉన్నాయి. అన్నిటి కిందా ఎర్ర గీత గీశాను. నీకు కళ్లు చెదిరాయి, సరే. చదివేవాడు విజయవాడలో బస్సు కోసం ఎదురుచూస్తూ ఫోన్లో చదువుతుంటాడు. అతనికి కారు కనపడటం లేదు, నువ్వు ఆశ్చర్యపోవడం మాత్రమే కనపడుతోంది.

అదే పేజీలో ఒక మూల ‘ఇంజిన్ డ్రైవర్ వెనక ఉంటుంది’ అని ఒక్క ముక్క రాసి ముందుకెళ్లిపోయావు. నీ వ్యాసం మొత్తం అక్కడే ఉందమ్మా! ఆ ఇంజిన్ వెనక్కి ఎందుకు పోయిందో చెప్పు.

1950ల మధ్య నుంచి 1970 దాకా రాజ్యమేలిన డ్రాగ్‌స్టర్లను, అంటే డ్రాగ్ రేసు కార్లను, ‘స్లింగ్‌షాట్’ అనేవాళ్లు. పొడవాటి గొట్టాల చట్రం, అందులో ముందు ఇంజిన్, దాని తర్వాత క్లచ్, గేర్లు, ఆ తర్వాత వెనక ఇరుసు. డ్రైవర్ ఆ ఇరుసుకు అటూ ఇటూ కాళ్లు చాపుకుని, అన్నిటికన్నా చివర, రెండు పెద్ద టైర్ల మధ్య కూర్చునేవాడు. బరువంతా వెనక చక్రాల మీద పడితేనే టైర్లు నేలను పట్టుకుంటాయి కాబట్టి మనిషిని కూడా ఆ బరువులోనే లెక్కేశారు. నూనె చిమ్మితే అతని కళ్లద్దాల మీదికే వచ్చేది. మంట లేస్తే మొహం మీదికే. క్లచ్చో గేర్‌బాక్సో పగిలితే అది సరిగ్గా అతని కాళ్ల మధ్యే పగిలేది.

1970 మార్చి 8న, కాలిఫోర్నియాలో లాంగ్ బీచ్ దగ్గరున్న లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో అదే జరిగింది. ‘స్వాంప్ రాట్ 13’ గీత దగ్గర నుంచి కదులుతుండగానే గేర్‌బాక్సు పేలిపోయింది. కారు రెండు ముక్కలైంది. గార్లిట్స్ కుడి పాదంలో ముందు భాగం తెగిపోయింది. ఎగిరిన ముక్కలు తగిలి, రేసు చూడటానికి వచ్చిన ఒక కుర్రాడి చేతికి కూడా తీవ్రమైన గాయమైంది. ఆ తర్వాత గార్లిట్స్ ‘స్వాంప్ రాట్ 14’ కట్టి, ఇంజిన్‌ను తన వెనక్కి నెట్టేశాడు. అలా ఇంజిన్ వెనక పెట్టి కట్టడం కొత్తేమీ కాదు, అంతకు ముందూ కొందరు ప్రయత్నించారు. కానీ ఆ కార్లు తిన్నగా పోయేవి కావు. గార్లిట్స్ బృందానికీ మొదట్లో అదే తలనొప్పి. డ్రైవర్ ముందుకు జరిగేసరికి స్టీరింగ్ కొంచెం కదిపినా కారు అవసరానికి మించి తిరిగిపోయేది. చివరికి స్టీరింగ్ నిష్పత్తి మార్చి దాన్ని మందకొడిగా చేశారు. అంతే, కారు దారికొచ్చింది. 1971లో కాలిఫోర్నియాలోని పొమోనాలో జరిగిన వింటర్‌నేషనల్స్ పోటీలో ఆ కారే గెలిచింది. ఇంకొన్నేళ్లకు అన్నిటికన్నా వేగమైన టాప్ ఫ్యూయల్ తరగతిలో ముందు ఇంజిన్ కార్లు కనపడకుండా పోయాయి.

ఇప్పుడు చెప్పు, ఇదంతా తెలిశాక ఆ నల్లరంగు గురించి నాలుగు వాక్యాలు రాస్తావా?

కారులో ప్రతి వస్తువునూ ‘నువ్విక్కడ ఎందుకున్నావు’ అని అడుగు. ఇంజిన్ నెత్తిన కూర్చుని, లోపలికి గాలిని బలంగా తోసే బ్లోవర్‌నే తీసుకో. నువ్వు దాన్ని ‘కిరీటం’ అన్నావు, ఆ మాట కొట్టేశాను. ఆ 6-71 బ్లోవర్ రేసుల కోసం పుట్టింది కాదు. ఆరు సిలిండర్లు, ఒక్కోటి 71 ఘనపు అంగుళాలు ఉండే జనరల్ మోటార్స్ టూ-స్ట్రోక్ డీజిల్ ఇంజిన్ కోసం చేసింది. ఆ ఇంజిన్లు లారీల్లో, బస్సుల్లో, రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల్ని ఒడ్డుకు చేర్చిన పడవల్లో తిరిగాయి. అక్కడి నుంచి ఊడదీసిన బ్లోవర్‌ను తెచ్చి క్రైస్లర్ కంపెనీ కార్లలో వచ్చే హెమి అనే ఇంజిన్ మీద బిగించారు. తొలి రోజుల్లో వాడిన 392 ఘనపు అంగుళాల హెమి 1957, 58ల్లో డబ్బున్నవాళ్లు తిరిగే పెద్ద కార్లలో వచ్చింది. ఆ కార్లు పాతబడి తుక్కు దుకాణాలకు చేరాక రేసు కుర్రాళ్లు ఇంజిన్లు కొనుక్కునేవాళ్లు. గార్లిట్స్ మొదటి కారు ‘స్వాంప్ రాట్ 1’ చట్రం కూడా పాత షెవర్లే కారుదే. అంటే ఆ కాలపు రేసు కారు మన ఆటోనగర్ షెడ్డులో పాత లారీ ఇంజిన్‌కు మళ్లీ ప్రాణం పోసినట్టు కట్టింది. అది తెలిస్తే మనవాడికి ఆ కారు వెంటనే దగ్గరవుతుంది.

పరుగు పెట్టిన నేల కూడా చాలాచోట్ల అలాంటిదే. వాడకం తగ్గిన విమానాల రన్‌వేలు ఎన్నో డ్రాగ్ స్ట్రిప్‌లు, అంటే డ్రాగ్ రేసుల దారులు అయ్యాయి. 1950లో సాంటా ఆనాలో టికెట్ పెట్టి నడిపిన తొలి డ్రాగ్ స్ట్రిప్ మొదలైంది కూడా ఒక ఎయిర్‌పోర్టులోనే. మరుసటి ఏడాది వాలీ పార్క్స్ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్) అనే సంస్థ పెట్టి, వీధుల్లో రేసులాడే కుర్రాళ్లను నియమాల కిందికి తెచ్చే పని మొదలెట్టాడు. (ఇక్కడ చిన్న పక్కమాట. మా నెల్లూరు కుర్రాళ్లం మద్రాసు దారిలో షోళవరం రేసులకు వెళ్లేవాళ్లం. అదీ యుద్ధకాలపు రన్‌వేనే. ఈ సంగతి నీ వ్యాసంలో పెట్టమని చెప్పడం లేదు. పెడితే పాఠకుడి దృష్టి పక్కకు పోతుంది.)

మ్యూజియంలో కారుకు వాసన ఉండదు, చప్పుడూ ఉండదు. ఆ రెండూ లేకుండా డ్రాగ్ రేసింగ్ గురించి రాయడం కుదరదు. నైట్రోమీథేన్ అని ఇంధనం పేరు రాసి వదిలేశావు, అదేం చేస్తుందో కూడా రాయి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. నైట్రోమీథేన్‌కు 1.7 కిలోలు చాలు, ఎందుకంటే దాని అణువులోనే ఆక్సిజన్ ఉంది. అంటే సిలిండర్‌లోకి వెళ్లే అంతే గాలికి ఎనిమిది రెట్లకు పైగా ఇంధనం పోయొచ్చు. కిలోకు పుట్టే శక్తి పెట్రోలులో నాలుగో వంతే అయినా, అంత ఎక్కువ పోస్తారు కాబట్టి అదే ఇంజిన్ రెండింతలకు మించి బలం ఇస్తుంది. ఆ పొగకు కళ్లు మండి నీళ్లు కారతాయి, అందుకే డ్రైవర్లు ముసుగులు తొడుక్కునేవాళ్లు. లెక్కలు రాస్తే పాఠకుడు పారిపోతాడని నీకెవరో చెప్పి ఉంటారు. నా అనుభవంలో పాఠకుడు పారిపోయేది అర్థం కాకుండా చెప్పినప్పుడే.

ఈ నైట్రోను ఎన్‌హెచ్‌ఆర్‌ఏ తన పోటీల్లో 1957లో నిషేధించింది. పూర్తిగా తిరిగి రానిచ్చింది 1964కే. ఆ మధ్యకాలంలో నైట్రో కార్లు వేరే స్ట్రిప్‌లు వెతుక్కున్నాయి. వాటిలో పెద్దది కాలిఫోర్నియాలో బేకర్స్‌ఫీల్డ్ దగ్గర 1959లో మొదలైన మార్చ్ మీట్ అనే పోటీ. నీ కథానాయకుడు అక్కడికి ఎలా వచ్చాడో రాస్తే బాగుంటుంది. 1957 చివర్లో ఫ్లోరిడాలోని బ్రూక్స్‌విల్‌లో గార్లిట్స్ గంటకు 176.40 మైళ్ల వేగం అందుకున్నాడని వార్త వస్తే కాలిఫోర్నియా వాళ్లు నమ్మలేదు. చిత్తడి నేలల నుంచి వచ్చిన అనామకుడు, ఫ్లోరిడా వాళ్ల గడియారమే తప్పు చూపించి ఉంటుందని ఎగతాళి చేశారు. 1959లో అతను కారు వేసుకుని అంత దూరం బేకర్స్‌ఫీల్డ్ వెళ్లాడు. గెలవలేదు. ఈ ‘గెలవలేదు’ను నీ వ్యాసంలో దాచకు.

రికార్డుల విషయంలో మాత్రం జాగ్రత్త. ‘గంటకు 200 మైళ్లు దాటిన మొట్టమొదటి వ్యక్తి’ అని ధీమాగా రాసేశావు. 1960లో ఇల్లినాయిలోని ఆల్టన్‌లో క్రిస్ కారమెసీన్స్ 204 మైళ్లు దాటాడని అప్పుడే చెప్పుకున్నారు. దాన్ని చాలామంది ఒప్పుకోలేదు. అందరూ ఒప్పుకున్నది 1964 ఆగస్టు 1న గార్లిట్స్ నమోదు చేసిన 201.34 మైళ్లు. రెండూ రాయి. తగువుతో సహా చెబితే నిన్ను నమ్ముతారు. పైగా ఆ 201.34 ఎక్కడ జరిగిందో చూశావా? న్యూజెర్సీలో గ్రేట్ మెడోస్ దగ్గర, ఐలండ్ డ్రాగ్‌వేలో. నీ ఇంటి నుంచి గంటా గంటంబావు ప్రయాణం. ఫ్లోరిడా దాకా వెళ్లావు గానీ పక్కనున్న దాన్ని చూడలేదు!

ఇక పునరుద్ధరణ సంగతి. ‘అచ్చం ఆనాటిలాగే ఉంది’ అన్నావు. ఆనాడు ఏ రేసు కారూ అంత శుభ్రంగా ఉండేది కాదు. రేసు కారు బతుకు ఒకే రూపంలో సాగదు. సీజన్ మధ్యలో ఇంజిన్ మారుతుంది, చట్రాన్ని కోసి పొడవు పెంచుతారు, రంగు మారుతుంది, చివరికి ఎవరికో అమ్మేస్తారు. కొన్నవాడు ఇంకో పేరు రాయించుకుంటాడు. ముప్పై నలభై ఏళ్ల తర్వాత ఎవరి కొట్టంలోనో ఆ చట్రం దొరికితే, బాగుచేసేవాడు ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి: దీన్ని ఏ రోజుకు తిరిగి తీసుకెళ్లాలి? గెలిచిన రోజుకా, మొదటిసారి బయటికొచ్చిన రోజుకా? ఒక రోజును ఎంచుకుంటే మిగతా రోజుల గుర్తులన్నీ గీకి పారేయాల్సిందే. అందుకని బాగుచేసిన ఏ కారు ముందు నిలబడ్డా మూడు సంగతులు అడుగు. ఇందులో అసలుది ఎంత? కొత్తగా చేసింది ఎంత? ఇంజిన్ లోపల పిస్టన్లు ఉన్నాయా, లేక ఉత్త డొల్లేనా? కొన్ని ప్రదర్శన కార్లలో లోపల ఏమీ ఉండదు. ఇవి అడిగితే మ్యూజియం వాళ్లు చిరాకు పడరు, సంతోషంగా గంటసేపు మాట్లాడతారు.

వీలైతే ఒకసారి కాలిఫోర్నియా వెళ్లి క్యాకిల్‌ఫెస్ట్ చూడు. 2000లో బేకర్స్‌ఫీల్డ్ దగ్గర ఫమోసోలో మొదలైంది. బాగుచేసిన పాత డ్రాగ్‌స్టర్లను వెనక నుంచి బండ్లతో నెట్టి, పాతకాలం పద్ధతిలోనే స్టార్ట్ చేస్తారు. రేసు ఉండదు. వరసగా నిలబెట్టి నైట్రోతో ఇంజిన్లు మోగిస్తారు, అంతే. ఆ కార్లకు ఇప్పటి భద్రతా నియమాల ప్రకారం పరుగెత్తే అర్హత లేదు. అర్హత లేని కార్ల చప్పుడు వినడానికి జనం అంత దూరం ఎందుకు వస్తారో కనుక్కుని రాస్తే, ఒకాలాలో నీకు కలిగింది ఏమిటో నీకే తెలుస్తుంది.

‘స్వర్ణయుగం’ అనే మాట మీదా నాకు పేచీ ఉంది. ఆ యుగంలో చాలామంది కాలిపోయారు, చచ్చిపోయారు. గార్లిట్స్ కూడా 1959లో సౌత్ కరోలినాలోని చెస్టర్‌లో తీవ్రంగా కాలిన గాయాలతో బయటపడ్డాడు. మంటను తట్టుకునే సూట్లు, కారును ఆపే మంచి పారాచూట్లు, దళసరి కవచాలు ఒక్కొక్కటే వచ్చాయి, చాలావరకు ఎవరో ఒకరు దెబ్బతిన్నాకే. లయన్స్ స్ట్రిప్‌ను 1972 చివర్లో మూసేశారు, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు చప్పుడు భరించలేక ఎన్నో ఏళ్లు ఫిర్యాదులు చేశారు. మనం ఆ కాలాన్ని మెచ్చుకోవచ్చు, నేనూ మెచ్చుకుంటాను. కానీ పక్కింట్లో పసిపిల్లను నిద్రపుచ్చుకునే తల్లి కూడా ఆ కాలంలోదే.

ఇంకో లోటు నువ్వే గమనిస్తావనుకున్నాను. మొత్తం వ్యాసంలో ఆడమనిషి ఒక్కరూ లేరు. షర్లీ మల్డౌనీ గురించి చదువు. 1973లో టాప్ ఫ్యూయల్ లైసెన్సు సంపాదించిన తొలి మహిళ ఆమె. 1977, 1980, 1982ల్లో ఛాంపియన్. గులాబీ రంగు కారులో, ఇంజిన్ వెనక పెట్టుకుని నడిపింది. స్వాంప్ రాట్ 14 గట్టిగా నిలదొక్కుకోకపోతే ఆమె కూడా ఇరుసు మీదుగా కాళ్లు చాపుకునే కూర్చునేది. నీ వ్యాసాన్ని 1971లో ఆపకుండా అక్కడి దాకా తీసుకురా.

పని ఇలా మొదలెట్టు. మొదటి రెండు పేరాలు పూర్తిగా తీసేయి. ఇంజిన్ స్థానంతో మొదలుపెట్టి, లయన్స్ ప్రమాదానికి వెళ్లు. నైట్రో లెక్క మధ్యలో ఎక్కడైనా ఇముడుతుంది. తెలుగు మాటల కోసం ఎక్కువ టెన్షన్ పడకు. క్లచ్‌ను క్లచ్ అనే రాయి, మన మెకానిక్కులూ అదే అంటారు. ఐలండ్ డ్రాగ్‌వేలో రేసులున్న రోజు చూసుకుని ఒకసారి వెళ్లు, నోట్‌బుక్కు తీసుకెళ్లు, ఇయర్‌ప్లగ్గులు మర్చిపోకు. ఎర్ర గీతలు గీసిన ప్రతిని స్కాన్ చేసి మెయిల్లో పంపుతున్నాను. నా చేతిరాత ఎక్కడైనా అర్థం కాకపోతే రాత్రి తొమ్మిది లోపు ఫోన్ చెయ్యి, మా టైము చూసుకుని.

మీ అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు